అద్దం తలుపు వెనక హార్డ్‌వేర్ ఇంజనీరు

మన తెలుగు సంఘం సంచిక చూసుకునే పిల్లలు ఫోన్ చేసి, "అంకుల్, హార్డ్‌వేర్‌లో మీ కెరీర్ గురించి ఒక వ్యాసం రాసివ్వండి, కొత్తగా మాస్టర్స్‌కి వచ్చినవాళ్ళకి పనికొస్తుంది" అన్నారు. సరే అన్నాను. అన్నాక కొన్నాళ్ళు ఆ ఊసే ఎత్తలేదు. వాళ్ళు మళ్ళీ చేశారు. ఈ తరం పిల్లలకు ఫాలో అప్ బాగా నేర్పుతున్నారు.

రాస్తున్నాను. నేను చేసింది హార్డ్‌వేరే. కలప, ఇనప కడ్డీ, నికెల్ తీగ, మర, జిగురు. బెర్లిన్‌లో ఒక గిటార్ మరమ్మతు దుకాణం వెనకగదిలో ముప్పై ఏళ్ళ పాటు బేస్ గిటార్లు బాగుచేశాను. మీలో చాలామందికి ఈ సంగతి ఈ పేజీలోనే తెలుస్తోంది. తెలియకపోవడం మీ తప్పు కాదు. తెలియనివ్వకుండా చూసుకోవడం నా రెండో ఉద్యోగం. మొదటిదానికంటే అందులోనే ఎక్కువ శ్రద్ధ పెట్టాను.

ప్రమోషన్ల గురించి రాయడానికేమీ లేదు. వెనకగదిలో చేరాను, వెనకగదిలోంచే రిటైరయ్యాను. మధ్యలో ఒకసారి కుర్చీ మార్చారు.

వెనకగదిలోకి

కైసర్స్‌లౌటర్న్‌లో మెకానికల్ చదివాను. చదువయ్యాక బెర్లిన్‌లో ఒక యంత్రాల ఫ్యాక్టరీలో చేరాను. నేను చేరిన కొన్నాళ్ళకే అది మూతపడింది. రెంటికీ సంబంధం లేదని మా ఆవిడ రాజ్యం ఇప్పటికీ అంటుంది. ఇంకో ఉద్యోగం దొరికేలోగా ఏదో ఒకటి అనుకుని, అద్దంలో "మనిషి కావాలి" అని కాగితం అంటించిన ఒక దుకాణంలోకి వెళ్ళాను. యజమానురాలు హైకె. నాకంటే కొంచెం చిన్నది, గొంతు మాత్రం నాకు రెట్టింపు. అప్పుడు ఆమె చేతిలో ఒక బేస్ ఉంది. ఒక తీగ మీటి, "ఏం వినిపిస్తోంది?" అంది.

"మూడో మెట్టు దగ్గర జీర" అన్నాను.

ఆ చెవి నాది కాదు, కాకినాడలో మా మేనత్తది. ఆవిడ పిల్లలకు సంగీతం చెప్పేది. తంబురా తీగ కింద నూలుపోగు జరిపి జీవ పెట్టే పని నాకిచ్చేది. పోగు సరైన చోట పడితే తీగ జుమ్మంటుంది. ఆ జుమ్మనడమే తంబురాకు ప్రాణం. వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే అదే ధ్వని గరగరమంటుంది. అక్కడ జీవ, ఇక్కడ జబ్బు. కష్టపడి ఆ ధ్వనిని పుట్టించడం నేర్చుకున్నవాణ్ణి, పోగొట్టడానికి జీతం తీసుకున్నాను.

అత్తకు ఇంకో అలవాటుండేది. ఎవరు పాడటానికొచ్చినా ఆవిడ మొదట అడిగేది "శ్రుతి ఎంతమ్మా?" అని. పేరు ఆ తర్వాత. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

జీర ఎక్కడిది

గిటార్‌వాళ్ళు ఫ్రెట్లనే వాటిని నేను మెట్లనే అంటాను, వీణవాళ్ళలాగే. తీగ ఊగేటప్పుడు కింద ఏదో ఒక మెట్టుకు తగిలితే జీర పుడుతుంది. జర్మన్లు ష్నార్రెన్ అంటారు. ఆ మాట పలుకుతుంటేనే సగం వినిపిస్తుంది.

ఏ మెట్టు దగ్గర నొక్కినా శుభ్రంగా పలికి, వట్టి తీగ మీటినప్పుడే జీర వస్తుంటే, తల దగ్గర తీగలు ఆనే చిన్న ముక్క అరిగిందన్నమాట. మొదటి నాలుగైదు మెట్లలో వస్తుంటే మెడ, అంటే మెట్లున్న పొడుగు కర్ర, వెనక్కి వంగింది. మెడ లోపల ఒక ఇనప కడ్డీ ఉంటుంది, దాని మర కొంచెం వదులు చేస్తే మెడ ముందుకొస్తుంది. కొంచెం అంటే పావు తిప్పు, ఆ తర్వాత టీ. కలప మనిషిలాంటిది, తిప్పగానే తిరగదు, కాసేపు ఆలోచించుకుంటుంది. ఒకే ఒక్క మెట్టు దగ్గర వస్తుంటే పక్క మెట్టు లేచి ఉంది. అంతటా వస్తుంటే తీగలు మరీ కిందికున్నాయి. అటు చివర బ్రిడ్జి ఉంటుంది, వీణలో గుర్రం అంటాం. దాని మీది చిన్న మరలు అలెన్ కీతో తిప్పి తీగలు పైకెత్తాలి.

ఆకురాయి అన్నిటికంటే చివర. మర తిప్పింది మళ్ళీ తిప్పుకోవచ్చు, అరగదీసింది తిరిగి రాదు. ఇది నేను ఒక పన్ను సలహాదారు చేత నేర్చుకున్నాను. ఆయన బేస్‌లో నాలుగో తీగ జీరపోతోందని తెచ్చాడు. మా దగ్గర వాయిస్తే లేదు, ఇంటికెళ్తే ఉంది. రెండోసారీ తెచ్చాడు. నాకు పంతం వచ్చి, ఏ పాపం ఎరగని రెండు మెట్లను రాకేశాను. మూడోసారి తెచ్చినప్పుడు హైకె నన్ను ఆయనింటికి పంపింది. ఆయన హాల్లో కూర్చుని నాలుగో తీగ మీటాడు. వెనక గాజు బీరువాలో బీరు గ్లాసులు గలగలమన్నాయి. నేను తలుపు తెరిచి గ్లాసులను ఎడంగా జరిపాను. ఆయన ఆనందంతో అందులో ఒకటి నింపి నాకిచ్చాడు. రాకేసిన మెట్ల గురించి ఆయనకు చెప్పలేదు. హైకెకు చెప్పాను.

"చెప్పావు కాబట్టి కొత్త మెట్లు నా ఖర్చు" అంది. "చెప్పకపోయుంటే నీది."

"చెప్పకపోతే నీకెలా తెలిసేది?"

"అది నీ సమస్య" అంది.

తీగలు ఎవరివి

కొత్తవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఏ తీగలు మంచివి?" అని. తీగల్లో మంచీ చెడూ లేవు, పొంతనే ఉంది. మన పెళ్ళిళ్ళలాగే, జాతకం చూసినవాళ్ళెవరూ చెయ్యి చూడరు. లావు తీగకు బిగువెక్కువ, వేళ్ళు నొప్పెడతాయి, కానీ గట్టిగా కొట్టినా కట్టుతప్పదు. సన్న తీగ వేలికి మెత్తన, గట్టిగా కొడితే అడ్డదిడ్డంగా ఊగి మెట్లకు తగులుతుంది. గరుకు చుట్టు తీగ గలగలా మాట్లాడుతుంది. నున్న చుట్టు తీగ పెద్దమనిషిలా గొంతు తగ్గించి మాట్లాడుతుంది.

చర్చిలో వాయించే ఒక పెద్దావిడ తన బేస్‌లో మర ఏదో ఊడిందని ఇచ్చింది. అందులో ఏళ్ళ నాటి నున్న తీగలు, నల్లబడి జిడ్డుగా ఉన్నాయి. పోనీలే, మంచి చేద్దామని అడక్కుండా కొత్తవి వేసి, పాతవి చెత్తలో పడేశాను. ఆవిడ వచ్చి ఒక్కసారి మీటి ఆగిపోయింది. "నా గొంతు ఏది?" అంది. చెత్తబుట్ట ఖాళీ చేసేశాం అప్పటికే. అప్పట్నించి విప్పిన తీగలను చుట్టి, ఆ వాయిద్యం సంచిలోనే పెట్టి ఇచ్చేవాణ్ణి. మీరూ అలాగే చెయ్యండి.

ఆవిడ తర్వాతే హైకె ఒక నియమం పెట్టింది. కొట్టు మధ్యలో ఒక కర్ర స్టూలు వేసింది. ఎవరు ఏ వాయిద్యం తెచ్చినా, దాన్ని బాగుచేసే మనిషి ఎదుట ఆ స్టూలు మీద కూర్చుని వాయించాలి. తీసుకెళ్ళేటప్పుడూ వాయించాలి. అంతవరకూ మర ముట్టుకోకూడదు. టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, లేకపోయినా ఫరవాలేదు గాని స్టూలు తప్పదు. జీర సగం తీగలో ఉంటే సగం చేతిలో ఉంటుంది, చెయ్యి చూడకుండా తీగ ఎంచలేం. ఇన్నేళ్ళలో మా కొట్టులో ఈ నియమం తప్పిన వాయిద్యం నాకు తెలిసి ఒక్కటే. తప్పించినవాణ్ణి నేనే.

హార్డ్‌వేర్

దానికి ముందు ఈ అబద్ధం ఎలా మొదలైందో చెప్పాలి. తెలుగువాళ్ళ కూడికకు మేము మొదటిసారి వెళ్ళినప్పుడు, పులిహోర వరసలో నా ముందున్నాయన "ఎక్కడ చేస్తున్నారండీ?" అన్నాడు. చుట్టూ అందరూ పెద్ద జీతాల మీద బ్లూ కార్డు వీసాతో వచ్చినవాళ్ళు. చేతిలో పేపర్ ప్లేటు. "సౌండ్ పరికరాలండీ... హార్డ్‌వేర్" అన్నాను. "ఓ, ఎంబెడెడ్ సైడా?" అన్నాడు. నేను పులిహోర పెట్టించుకున్నాను. నోటినిండా ఉన్నప్పుడు జవాబు చెప్పకూడదని పెద్దలు అన్నారు కదా.

అంతే. తర్వాత అది దానంతటదే పెరిగింది. ఎవరో నన్ను ఇంకెవరికో "సూర్యం అంకుల్, హార్డ్‌వేర్‌లో సీనియర్ ఇంజనీర్" అని పరిచయం చేశారు. పిల్లలు "అంకుల్, మీ కంపెనీలో వర్కింగ్ స్టూడెంట్ ఓపెనింగ్స్ ఉన్నాయా?" అని అడిగేవారు. "ఇప్పుడు హైరింగ్ ఫ్రీజ్ అమ్మా" అనేవాణ్ణి. నిజమే, మా వెనకగదిలో హీటర్ సరిగా పనిచేసేది కాదు.

రాజ్యం నవ్వేది కాదు. "దొంగతనం చేస్తున్నారా, దాచుకోడానికి?" అనేది. నేను వినిపించుకోలేదు. జీర వినపడే చెవికి అన్నీ వినపడాలని లేదు.

స్టూలు ఖాళీగా ఉన్న శనివారం

రిటైరవడానికి కొంచెం ముందు, ఒక శనివారం మధ్యాహ్నం కొట్టు కిటకిటలాడుతోంది. మా వెనకగదికి అద్దం తలుపు. అందులోంచి చూస్తే కౌంటర్ దగ్గర కిశోర్, వీపుకు బేస్ సంచి. పక్కన వాళ్ళమ్మాయి ఆద్య, ఎనిమిదేళ్ళది. కిశోర్‌ది జగిత్యాల దగ్గర. ఇక్కడ ఒక స్టార్టప్‌లో చేస్తాడు, బతుకమ్మకూ ఉగాదికీ కుర్చీలు మోసేవాళ్ళలో మొదటివాడు. నన్ను చూస్తే "సూర్యం అంకుల్" అని ఎదురొచ్చి కుర్చీ వేసే మనిషి.

నా ఒంటిమీద జిగురు మరకల ఏప్రన్ ఉంది. తలుపుకు వీపు తిప్పేశాను.

హైకె లోపలికి వచ్చింది. "బేస్. నీ మనిషి. బయటికి రా, స్టూలు మీద కూర్చోబెడతాను."

"కడుపులో బాలేదు. నువ్వే చూడు."

"ముగ్గురున్నారు కౌంటర్ దగ్గర."

"అయితే వాయిద్యం తీసుకో. తీసుకెళ్ళేటప్పుడు విందాం."

ఆమె నన్ను ఒకసారి చూసి, సరే అని వెళ్ళింది. ఆద్య ఆ అద్దం దగ్గరికొచ్చి ముక్కు ఆనించి లోపలికి చూస్తోందని నాకు తెలుసు. నా ముందున్న ఉక్కు స్కేలులో ఆ ముఖం కనిపిస్తోంది. నేను వంగి, ఏమీ లేని చోట ఏదో బిగించాను.

హైకె చెప్పిందల్లా ఇది: నేర్చుకుంటున్నాడు, వేళ్ళు నొప్పెడుతున్నాయట, మెత్తని తీగలు కావాలట, వచ్చేవారం ఏదో పండగ ఉందట. నేను సన్న తీగలు వేశాను. నా చెయ్యి తేలిక, నా చేతికే హాయిగా ఉండేట్టు తీగలు కిందికి దించాను. వాయించి చూశాను. ముత్యంలా పలికింది. నా చేతిలో పలికింది.

తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు కిశోర్ తొందరలో ఉన్నాడు, నేను ఇంకా తొందరగా టాయిలెట్‌లో ఉన్నాను.

బతుకమ్మ నాడు

ఆ పండగ బతుకమ్మ. ఒక బడి వ్యాయామశాల అద్దెకు తీసుకున్నారు. మధ్యలో పూలు పేర్చిన బతుకమ్మలు, చుట్టూ ఆడవాళ్ళు. ఆద్య పాడుతుంది, తండ్రి బేస్ వాయిస్తాడు, అందరూ చప్పట్లతో తిరుగుతారు. ఆద్య ఇంట్లో ఏమడిగినా జర్మన్‌లోనే జవాబు చెప్పే పిల్ల. ఈ పాట కోసం ఎండాకాలం సెలవులంతా తెలుగు మాటలు నేర్చుకుందని, పదిమందిలో మొదటిసారి తెలుగులో నోరు విప్పబోతోందని, కిశోర్ కనిపించినవాళ్ళకల్లా చెబుతున్నాడు.

పాట మొదలైంది. చిన్న గొంతు, కొంచెం వణుకు, కానీ శ్రుతిలో ఉంది. చప్పట్లు పెద్దవయ్యాయి. చప్పట్లలో తన వాయిద్యం వినిపించక కిశోర్ గట్టిగా కొట్టడం మొదలుపెట్టాడు. జీర వచ్చింది. కొంచెం కాదు. రేకుడబ్బాలో కందిరీగను వేసి ఊపినట్టు. కిశోర్ తీగ చూసుకుంటూ తాళం తప్పాడు. ఆద్య ఆగింది. తండ్రివైపు తిరిగి మైకులోనే, "పాపా, ఎస్ ష్నార్ట్" అంది. నాన్నా, జీర వస్తోంది అని. పిల్లలు పకపకా నవ్వారు.

"కిశోరన్నా, వైఫై పోయిందా?" అన్నాడెవడో. పెద్దవాళ్ళూ నవ్వారు. ఆడవాళ్ళు ఆగలేదు, పాట అందుకుని తమంతట తామే పాడుకుంటూ తిరిగారు. బాగానే పాడారు. ఆద్య మైకు కింద పెట్టేసి నడిచి వెళ్ళిపోయింది.

నా తాళాల గుత్తికి ఎప్పుడూ ఒక అలెన్ కీ ఉంటుంది. దాన్ని జేబులో పట్టుకుని కూర్చున్నాను. లేచి వెళ్ళి నాలుగు మరలు తిప్పితే సరిపోయేది. వేదికకు రెండే మెట్లున్నాయి. జీవితమంతా మెట్లతో బతికినవాణ్ణి, ఆ రెండూ ఎక్కలేకపోయాను.

భోజనాలప్పుడు, కోట్లు తగిలించే చోటికి వెళ్ళాను. కిశోర్ అక్కడ నేలమీద కూర్చుని ఉన్నాడు. ఆద్య కోట్ల మధ్య దూరి ఉంది, బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి.

"ఇలా ఇవ్వు బాబూ, చూస్తాను" అన్నాను. తీగ మీటాను. వదులుగా తూగింది. అప్పుడు, అన్నీ అయ్యాక, అడిగాను. "శ్రుతి ఎంతలో పెట్టావు?"

"పాపకు పైకి అందుతలేదని తీగలన్నీ ఒక స్వరం దించిన అంకుల్. నాకు వేళ్ళు మార్చి వాయించుడు రాదు. తీగలే దించిన."

సన్న తీగ, కిందికి దించిన తీగ, దాన్ని ఇంకో స్వరం వదులు చేశాడు, పైన గట్టి చెయ్యి. జీర రాకపోతేనే ఆశ్చర్యం. పాడేది పిల్ల అయితే వాయిద్యమే శ్రుతి దిగాలని మన ఇళ్ళలో ఎవరికైనా తెలుసు. హైకెకు తెలిసే దారి లేదు. మా కొట్టులో ఆ ప్రశ్న అడగగలిగిన మనిషిని నేనొక్కణ్ణే. స్టూలు మీద కూర్చోబెట్టి, తెలుగులో, ఒక్క ముక్క.

అలెన్ కీతో తీగలు పైకెత్తాను. జీర చాలావరకు పోయింది.

"మీకు ఇదెట్ల తెలుసు అంకుల్?"

"ఏదో హాబీ."

"ఆ షాపోళ్ళు నన్ను ముంచిన్రు చూడున్రి. పైసలు గుంజిన్రు, పని తెల్వది. ఒక్క స్టార్ ఇస్త ఇయ్యాల." ఫోన్ తీశాడు.

నేను మరలు తుడిచాను.

కోట్లలోంచి ఆద్య బయటికి వచ్చింది. నా చేతిలో కీ చూసింది, నా ముఖం చూసింది. "దు బిస్ట్ దోహ్ దేర్ మాన్ హింటర్ దేర్ షైబె" అంది. నువ్వు ఆ అద్దం వెనకాయనవే కదా, అని.

ఈ దేశంలో నా బతుకంతా ఆ భాషలోనే గడిచింది. అందులోనే తిట్లు తిన్నాను, అందులోనే కలలు కన్నాను. ఆ పిల్లతో ఏమన్నానో రాయడానికే ఈ వ్యాసం ఇన్నాళ్ళు ఆగింది.

"తాతకు అర్థం కాలేదమ్మా" అన్నాను. "తెలుగులో చెప్పు."

కిశోర్ ఫోన్‌లోంచి తలెత్తకుండానే, "అవ్ ఆద్యా, తాతకు తెలుగుల చెప్పు" అన్నాడు. నేను వాళ్ళమ్మాయికి తెలుగు అలవాటు చేస్తున్నానని సంతోషపడ్డాడు పాపం. ఆద్య నోరు తెరిచింది. మాట వెతుక్కుంది. దొరకలేదు. చెవులదాకా ఎర్రబడి, మళ్ళీ కోట్లలోకి వెళ్ళిపోయింది. ఇందాక తెలుగు పాట దగ్గరే ఆ పిల్ల అందరిలో నవ్వులపాలైంది. ఇప్పుడు అదే తెలుగును నేను తలుపులా మూశాను.

తిరిగి వచ్చేటప్పుడు ఎస్-బాన్ రైల్లో రాజ్యం అడిగింది. "ఆ బేస్ మీ కొట్టులోదేనా?"

"ఊఁ."

"చెప్పారా?"

తాళాల గుత్తి జేబులోకి తోశాను.

"ఆ పిల్ల మీతో ఏదో అంటోంది. ఏమంది?"

చెప్పాను. నేను అన్నదీ చెప్పాను. ఆవిడ కిటికీ వైపు తిరిగింది. మా స్టేషన్ వచ్చేదాకా తిరిగే ఉంది. దిగేటప్పుడు, "మీకు జర్మన్ రాదా?" అంది. తర్వాత ఆ విషయం ఎత్తలేదు. ఎత్తితే బాగుండేది.

ఒక్క స్టార్

సోమవారం హైకె కంప్యూటర్ ముందు కూర్చుని నన్ను పిలిచింది. కిశోర్ పెట్టిన ఒక్క స్టారు, దాని కింద నాలుగు వరసలు. కూతురి కార్యక్రమం పాడైందని, ఈ దుకాణానికి పని రాదని. మర్యాదగానే రాశాడు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

"తప్పు నాది" అంది హైకె. "స్టూలు మీద కూర్చోబెట్టలేదు. నేనే ఫోన్ చేసి క్షమాపణ చెబుతాను."

ఆమె నిజంగానే ఫోన్ అందుకుంది. నా కడుపునొప్పిని నమ్మిన మనిషి. ఇక కూర్చోలేక అంతా చెప్పాను. పులిహోర దగ్గర్నుంచి కోట్ల దాకా. తీగ లాగితే డొంకంతా కదిలింది.

హైకె ఫోన్ కింద పెట్టింది. "అంటే, నా కొట్టులో పనిచేయడం నీకు సిగ్గు."

"నీ కొట్టు కాదు..."

"ఈ కొట్టే. ఇన్నేళ్ళూ." గొంతు పెంచలేదు. ఆమె గొంతు పెంచకపోవడం నేను విన్నది అదే మొదలు. "స్టారు నాకు ఫరవాలేదు. నేను ఎక్కడ ఉంటానో నా వాళ్ళందరికీ చెప్పుకుంటాను. సూర్య ఉన్నాడు, చెయ్యి బంగారం అని కూడా చెప్పుకుంటాను." ఫోన్ నావైపు జరిపింది. "ఆ పిల్లకు నేను ఫోన్ చేయలేను. నువ్వే చెయ్యి."

చేశాను. కిశోర్ అంతా విన్నాడు. "అడిగితే కుర్చేసి కూసోబెట్టెటోన్ని కదా అంకుల్. మీరు ఏ పని జేసినా" అన్నాడు. తర్వాత, "శనివారం వస్తం" అని పెట్టేశాడు.

ఇప్పటికీ ఆ ఒక్క స్టారు అలాగే ఉంది. తీసేస్తానని కిశోర్ అన్నాడు. ఉండనీ అన్నాను, హైకె కూడా ఉండనీ అంది, కారణాలు వేరు. కిశోర్ ఈ సంగతి మన సంఘంలో ఎవరికీ చెప్పలేదు. అందుకే సంచిక పిల్లలు హార్డ్‌వేర్ కెరీర్ గురించి రాయమని నన్నే అడిగారు. అతని మంచితనం వల్ల నా అబద్ధానికి ఇంకో రెండేళ్ళు గడువు దొరికింది. ఆ గడువు కూడా పూర్తిగా వాడుకున్నాను.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది తక్కువ. మర ముందు, ఆకురాయి చివర. విప్పిన తీగలు సంచిలో పెట్టి ఇవ్వండి. ఎవరి చేతికి తీగ ఎంచుతున్నారో ఆ చెయ్యి చూడండి, ఎవరి గొంతు పక్కన మోగాలో అడగండి. వీటన్నిటికీ మీరు గదిలోంచి బయటికి రావాలి. నా అనుభవంలో మరమ్మతు పనిలో అన్నిటికంటే కష్టమైనది ఇదే, దీనికి పనిముట్టు లేదు.

స్టూలు మీద

శనివారం వాళ్ళు వచ్చేసరికి నేను ఏప్రన్‌తోనే కౌంటర్ ముందు నిలబడ్డాను.

కిశోర్ నమస్కారం పెట్టాడు, నవ్వలేదు. స్టూలు మీద కూర్చున్నాడు. "వాయించు బాబూ" అన్నాను. "పాప శ్రుతిలోనే." వాయించాడు. గట్టి చెయ్యి, బొటనవేలి కంటే చూపుడువేలి బరువెక్కువ, భయం పోతే బాగా వాయించగల చెయ్యి. ఇన్నేళ్ళ అనుభవానికి అర నిమిషం పట్టింది. లావు తీగలు తీశాను, దించి కట్టినా బిగువు తగ్గనివి. వేలికి నొప్పి పెట్టకుండా నున్న చుట్టువి. వేసి, మెడ సరిచేసి, మళ్ళీ ఇచ్చాను. వాయించాడు, గట్టిగా కొట్టాడు, ఇంకా గట్టిగా కొట్టాడు. తీగ లోతుగా మోగి ఆగింది. ఇంకేమీ లేదు.

"ఇప్పుడు మంచిగున్నది" అన్నాడు. అంకుల్ అనలేదు.

ఆద్య అప్పటిదాకా అద్దం తలుపు దగ్గర నిలబడి ఉంది. ఈసారి లోపల ఎవరూ లేరు. వచ్చి తండ్రి చెవిలో ఏదో అడిగింది. షైబె అన్న ముక్క వినబడింది. "అద్దం" అని చెప్పాడు కిశోర్, మెల్లగా. ఆ పిల్ల పెదాలు కదుపుతూ ఆ మాట ఒకటి రెండుసార్లు తనలో తాను అనుకుంది. తర్వాత నా ముందుకొచ్చి, చేతులు రెండూ కిందికి పెట్టుకుని, పద్యం అప్పజెప్పేటప్పుడు నిలబడినట్టు నిలబడింది.

"నువ్వు... ఆ రోజు... అద్దం ఎనక ఉన్నవ్" అంది. "నన్ను చూసినవ్."

ఒక్క మాట తప్పలేదు. నేను తెలుగులో చెప్పమన్నాను కాబట్టి తెలుగులో చెప్పింది.

"ఉన్నానమ్మా" అన్నాను. "చూశాను."